ఊపిరితిత్తుల బీపీ: జబ్బు ఎవరికి వస్తుంది, పేరు ఎవరికి తెలుస్తుంది, మందు ఎవరికి అందుతుంది

చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ 120/80. ఎక్స్‌రే చూసి ఊపిరితిత్తులు క్లియర్‌గానే ఉన్నాయన్నారు. మనిషికి మాత్రం ఒక్క అంతస్తు మెట్లెక్కితే ఆయాసం, బరువు ఎత్తితే కళ్లు తిరగడం. రక్తం తక్కువేమో, బరువు పెరిగారేమో, టెన్షన్ పడుతున్నారేమో అని తలా ఒక మాట అంటారు. కొన్నాళ్లు ఆస్తమా ఇన్‌హేలర్ వాడిస్తారు. ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది కథ ఇలాగే మొదలవుతుంది. ఎక్కడ ముగుస్తుందన్నది మాత్రం అందరికీ ఒకలా ఉండదు.

ఈ జబ్బులో అసమానతల గురించి వార్తలు చదివితే తల తిరుగుతుంది. ఆడవాళ్లకే ఎక్కువ వస్తుందని ఒకరు, మగవాళ్లే త్వరగా చనిపోతారని ఇంకొకరు రాస్తారు. అమెరికాలో నల్లజాతివారికి ముప్పు ఎక్కువని ఒక చోట, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) రోగులు మిగతావాళ్లకంటే ఎక్కువ కాలం బతికారని మరో చోట కనిపిస్తుంది. రోగుల్లో 80% దాకా వర్ధమాన దేశాల్లోనే ఉన్నారని ఒక అంచనా. అదే సమయంలో రిజిస్ట్రీల్లో, అంటే రోగుల వివరాలు నమోదుచేసే జాబితాల్లో, పేర్లున్నవాళ్లలో ఎక్కువమంది సంపన్న దేశాలవాళ్లు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కో లెక్క ఒక్కో చోట నిలబడి చూసినది, అంతే.

పట్టీకి అందని ఒత్తిడి

ఒంట్లో రక్తం తిరిగే దారులు రెండు. గుండె ఎడమ వైపు రక్తాన్ని ఒళ్లంతటికీ తోస్తుంది. చేతికి కట్టిన పట్టీ కొలిచేది ఈ ఒత్తిడినే. కుడి వైపు అదే రక్తాన్ని, నిమిషానికి సుమారు 5 లీటర్లు, ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. అక్కడి నాళాలు మెత్తగా, సాగేలా ఉంటాయి కాబట్టి ఆ పనికి పెద్ద బలం అక్కర్లేదు. ఒళ్లంతటి ధమనుల్లో సగటు ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటే, ఊపిరితిత్తుల ధమనిలో 14 చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే కుడి జఠరిక గోడ పలచన.

ఏ కారణం వల్లనైనా ఆ నాళాలు ఇరుకైపోతే, గట్టిపడితే, గడ్డలతో మూసుకుపోతే ఆ పలచని గోడ మీద భారం పడుతుంది. మొదట గోడ దళసరి అవుతుంది. తర్వాత గది సాగుతుంది. చివరికి అలసిపోతుంది. కాళ్ల వాపు, పొట్ట ఉబ్బడం, స్పృహ తప్పడం ఆ దశలో వచ్చే సంకేతాలు. ఈ పరిస్థితినంతా కలిపి పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. వాడుకలో ఊపిరితిత్తుల బీపీ.

ఎంత దాటితే జబ్బు అన్నదానికీ ఒక చరిత్ర ఉంది. 1973లో జెనీవాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం నుంచి దశాబ్దాల పాటు గీత 25 దగ్గర ఉండేది. 2018లో నీస్‌లో జరిగిన ప్రపంచ సదస్సు దాన్ని 20కి దించింది. 22 ఉన్న మనిషి అంతకుముందు లెక్కలోకి రాలేదు, ఆ తర్వాత వచ్చారు. మనిషిలో మారిందేమీ లేదు.

ఎకో స్కానింగ్‌లో ఈ ఒత్తిడి అంచనా తెలుస్తుంది. కచ్చితంగా తేల్చాలంటే గుండె లోపలికి వెళ్లాల్సిందే. మెడ దగ్గరో తొడ మొదట్లోనో ఉన్న సిరలోకి సన్నని గొట్టం పంపిస్తారు. గొట్టం కొసన చిటికెన వేలి గోరంత బెలూన్ ఉంటుంది. దాన్ని ఉబ్బిస్తే రక్త ప్రవాహమే దాన్ని ముందుకు ఈడ్చుకుపోతుంది. కుడి కర్ణిక, కుడి జఠరిక, ఆ తర్వాత ఊపిరితిత్తుల ధమని. ఒక్కో గదిలోకి అడుగుపెట్టగానే మానిటర్ మీద గీత ఆకారం మారుతుంది. చిన్న అలలు ఉన్నట్టుండి ఎత్తైన కొండల్లా లేస్తే జఠరికలోకి చేరినట్టు. చివరికి బెలూన్ ఒక చిన్న కొమ్మలో ఇరుక్కుని ఆగుతుంది. అప్పుడు గొట్టం కొస చూపించే ఒత్తిడి అవతలి వైపుది, అంటే ఎడమ గుండెది. దాన్నే వెడ్జ్ ప్రెషర్ అంటారు. గుండెలోకి గొట్టం పంపవచ్చని 1929లో తన ఒంటి మీదే ప్రయోగం చేసి చూపించిన వెర్నర్ ఫోర్స్‌మన్‌కు 1956లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ గొట్టం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. జబ్బు పేరు తేలేది దాని కొసనే. ఆ పరీక్ష చేసే గది దగ్గర్లో లేనివాళ్ల జబ్బుకు పేరుండదు, లెక్కల్లో ఆ మనుషులూ ఉండరు.

ఒకే అంకె వెనక రెండు జబ్బులు

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. ఇద్దరికీ ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 45. మొదటివారి వెడ్జ్ ప్రెషర్ 10, గుండె పంపే రక్తం నిమిషానికి 4 లీటర్లు. 45లోంచి 10 తీసేస్తే 35. దాన్ని 4తో భాగిస్తే 8.75. రెండోవారి వెడ్జ్ ప్రెషర్ 30, రక్తం నిమిషానికి 5 లీటర్లు. 45లోంచి 30 తీసేస్తే 15. 5తో భాగిస్తే 3.

ఈ అంకెలు నాళాల్లో ఉన్న అడ్డు ఎంతో చెబుతాయి. వీటిని వుడ్ యూనిట్లలో లెక్కిస్తారు. ప్రస్తుత మార్గదర్శకాల ప్రకారం 2 దాటితే ఎక్కువ కింద లెక్క. మొదటివారికి చిన్న నాళాలే పాడయ్యాయి. రెండోవారి కష్టంలో పెద్ద వాటా ఎడమ గుండెది. ముందు దారి మూసుకుంటే వెనక వాహనాలు ఆగిపోయినట్టు, అక్కడ రక్తం నిలిచి ఊపిరితిత్తుల్లోకి ఒత్తిడి వెనక్కి తన్నింది. మొదటివారికి ఆ నాళాలను వెడల్పు చేసే మందులు ప్రాణం నిలబెట్టవచ్చు. ఎడమ గుండె జబ్బు వల్ల వచ్చినవాళ్లకు అవే మందులను మార్గదర్శకాలు సిఫార్సు చేయవు. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కూడా ఉంది.

వైద్యులు ఈ జబ్బును 5 గ్రూపులుగా విడదీసింది ఇందుకే. మొదటిది ఊపిరితిత్తుల చిన్న ధమనులే పాడయ్యే రకం, పీఏహెచ్ అంటారు. రెండోది ఎడమ గుండె జబ్బు వల్ల వచ్చేది. మూడోది ఊపిరితిత్తుల జబ్బు వల్ల, ఆక్సిజన్ కొరత వల్ల వచ్చేది. నాలుగోది కరగని రక్తపు గడ్డల వల్ల. కారణాలు కలగాపులగంగా ఉన్నవన్నీ ఐదోదానిలో వేస్తారు. ప్రపంచ జనాభాలో సుమారు 1% మందికి ఏదో ఒక గ్రూపు ఊపిరితిత్తుల బీపీ ఉంటుందని అంచనా. పీఏహెచ్ మాత్రం అరుదు. 2021కి సంబంధించిన ప్రపంచ అంచనా ప్రకారం దాదాపు 1.92 లక్షల మంది. పత్రికలు ఈ రెండు అంకెలనూ ఒకే జబ్బు పేరుతో వాడేస్తుంటాయి. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

తేడాలన్నీ అన్యాయాలు కావు

రెండు సమూహాల మధ్య తేడా కనిపించగానే దాన్ని అసమానత అనడానికి లేదు. వయసు పైబడినవాళ్లకు గుండె గట్టిపడి ఈ జబ్బు ఎక్కువగా రావడం తేడా. తప్పించగలిగి ఉండీ తప్పించలేకపోయిన తేడా అసమానత. ఏది ఏదో తేల్చడం మాత్రం అనుకున్నంత సులువు కాదు. ఎందుకంటే తేడా మూడు గుమ్మాల దగ్గర పుట్టవచ్చు. జబ్బు రావడం మొదటిది, దానికి పేరు తేలడం రెండోది, వైద్యం అందడం మూడోది. మనకు దొరికే లెక్కలు చాలావరకు రెండో గుమ్మం దాటినవాళ్లవి. వాటిని చూసి మొదటి గుమ్మం గురించి మాట్లాడేస్తాం.

పుట్టిన చోటును బట్టి కారణం

సంపన్న దేశాల వైద్య పుస్తకాల్లో పీఏహెచ్ అనగానే కారణం తెలియని రకం, జన్యువుల వల్ల వచ్చే రకం, చర్మాన్ని, లోపలి అవయవాలను గట్టిపరిచే స్క్లెరోడెర్మా లాంటి కీళ్లవాత జబ్బుల వల్ల వచ్చే రకం ముందు వరసలో ఉంటాయి. ప్రపంచ పటం పరిచి చూస్తే వరస మారిపోతుంది.

షిస్టోసోమియాసిస్ అనే పరాన్నజీవి జబ్బు సంగతి చూడండి. మంచినీటి నత్తల్లో పెరిగిన పురుగు పిల్లలు, ఆ నీళ్లలో దిగినవాళ్ల చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. కొన్ని రకాల పురుగుల గుడ్లు కాలేయంలో ఇరుక్కుని అక్కడి సిరల్లో ఒత్తిడి పెంచుతాయి. రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. ఆ దారుల వెంట గుడ్లు ఊపిరితిత్తులకు చేరి నాళాలను దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 25 కోట్ల మందికి పైగా ఈ పురుగుకు నివారణ మందు అవసరమైంది. వాళ్లలో కనీసం 90% ఆఫ్రికాలో ఉన్నారు. కానీ ఈ పురుగు వల్ల వచ్చే పీఏహెచ్ గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం బ్రెజిల్ నుంచి వచ్చింది. గొట్టం పరీక్ష చేసే కేంద్రాలు అక్కడ ఉన్నాయి కాబట్టి. రోగులు ఒక ఖండంలో, సమాచారం ఇంకో ఖండంలో.

చిన్నప్పుడు గొంతునొప్పిగా వచ్చి గుండె కవాటాన్ని పాడుచేసే రుమాటిక్ గుండె జబ్బుది మరో దారి. పెన్సిలిన్ సమయానికి అందితే ఆపగలిగిన జబ్బు ఇది. ఆపకపోతే కవాటం ఇరుకై రెండో గ్రూపు ఊపిరితిత్తుల బీపీ వస్తుంది. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డకు చిన్నతనంలోనే ఆపరేషన్ జరిగితే చాలావరకు సమస్య అక్కడితో తీరిపోతుంది. జరగకపోతే ఏళ్ల తరబడి ఎక్కువ రక్తం దూకి ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడతాయి. చివరికి రక్తం వెనక్కి తిరుగుతుంది. పెదాలు, గోళ్లు నీలమవుతాయి. ఐసెన్‌మెంగర్ సిండ్రోమ్ అనే ఆ దశలో రంధ్రం మూసినా లాభం ఉండదు, కొన్నిసార్లు హాని. వీటికి తోడు కట్టెలు, పిడకలు, కిరోసిన్ లాంటి వాటితో వంట చేసుకునేవాళ్లు ప్రపంచంలో దాదాపు 210 కోట్ల మంది. ఆ పొగ మూడో గ్రూపుకు దారి.

కామెరూన్, మొజాంబిక్, నైజీరియా, దక్షిణాఫ్రికాల్లో పాపూకో పేరుతో ఒక అధ్యయనం జరిగింది. 209 మంది పెద్దవాళ్లను గమనించారు. వాళ్లలో 69% మందిది ఎడమ గుండె వల్ల వచ్చిన జబ్బు. ఆరు నెలల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు చనిపోయారు. పీఏహెచ్ మందులు ఉచితంగా పంచినా వీళ్లలో ఎక్కువమందికి పనికొచ్చేది కాదు. వీళ్లకు కావలసింది కవాటం ఆపరేషన్, మామూలు బీపీ మందులు, అంతకంటే ముందు చిన్నప్పటి పెన్సిలిన్. అసమానత అనగానే ఖరీదైన మందు అందకపోవడం గురించే మాట్లాడతాం గానీ, ఇక్కడ దారి తప్పింది అంతకు ఇరవై ముప్పై ఏళ్ల ముందే.

ఎత్తైన కొండ ప్రాంతాల సంగతి ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. ఆక్సిజన్ తక్కువైతే ఊపిరితిత్తుల నాళాలు ముడుచుకుంటాయి. వేల ఏళ్లుగా అక్కడే ఉంటున్న టిబెటన్లలో ఆ ముడుచుకోవడం తక్కువ. ఇది శరీరం సంపాదించుకున్న తేడా, ఇందులో అన్యాయమేమీ లేదు.

ఆడవాళ్లకు ఎక్కువ, మగవాళ్లకు తొందర

అమెరికాలో 2006లో మొదలైన రివీల్ అనే రిజిస్ట్రీలో పీఏహెచ్ రోగుల్లో దాదాపు 80% ఆడవాళ్లు. ఎందుకన్నదానికి ఒక ఆధారం జన్యువుల్లో ఉంది. బీఎంపీఆర్2 అనే జన్యువులో లోపం ఉన్న 100 మంది ఆడవాళ్లను తీసుకుంటే సుమారు 42 మందికి జబ్బు వస్తుంది. అదే లోపం ఉన్న 100 మంది మగవాళ్లలో 14 మందికే. ఈస్ట్రోజెన్ హార్మోన్ పాత్ర మీద అనుమానం ఉంది.

మరి జబ్బు వచ్చాక? తిరగబడుతుంది. మగ రోగులు, ముఖ్యంగా 60 దాటినవాళ్లు, త్వరగా చనిపోతారు. ఆడవాళ్ల కుడి జఠరిక భారాన్ని బాగా తట్టుకుంటుందని, మందులకు మెరుగ్గా స్పందిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. నాళాన్ని పాడుచేసే హార్మోనే గుండెను కాపాడుతోందా అన్న ఈ చిక్కుకు ఈస్ట్రోజెన్ పారడాక్స్ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ ముడి ఇంకా పూర్తిగా విడలేదు.

దీన్నంతా జీవశాస్త్రం ఖాతాలో వేసేయడం కూడా తొందరపాటే. పాతికేళ్ల అమ్మాయి ఆయాసమంటే ఆందోళన అనుకోవడం, గర్భిణికి ఆయాసమంటే మామూలేననుకోవడం ఏ హార్మోన్ చేసే పనీ కాదు. ఈ జబ్బులో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు, అందుకే వద్దంటారు. ఇందులో వాడే మందుల్లో ఒక తరగతి, బోసెంటాన్ లాంటివి, గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. వాటితోపాటు గర్భనిరోధం తప్పనిసరి. మగ రోగి మోయనవసరం లేని బరువు ఇది. బతికిన ఏళ్ల లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు.

ఆయాసానికి పేరు దొరకడానికి ఎన్నేళ్లు

1980ల తొలినాళ్లలో అమెరికాలో 187 మంది రోగులతో ఒక జాతీయ రిజిస్ట్రీ నడిచింది. లక్షణాలు మొదలైన నాటి నుంచి జబ్బు తేలడానికి సగటున 2 ఏళ్లు పట్టింది. పాతికేళ్ల తర్వాత రివీల్‌లో చూస్తే ఆ సగటు 2.8 ఏళ్లు. రెండింటిలో చేరిన రోగులు ఒకే రకం కాదు కాబట్టి ఆలస్యం పెరిగిందని తీర్పు ఇవ్వలేం. తగ్గిందని మాత్రం ఎవరూ అనలేరు. మధ్యలో ఎకో యంత్రాలు ఊరూరా వచ్చాయి, మందులు వచ్చాయి. ఎక్కువ ఆలస్యమైనవాళ్లలో 36 ఏళ్లలోపువారు, అప్పటికే ఆస్తమా లాంటి జబ్బు ఉందని ముద్రపడినవారు ఎక్కువ. చేతిలో ఒక పేరు ఉంటే రెండో పేరు వెతకరు మరి.

ఆలస్యం లెక్కలను ఎలా వంచుతుందో చూద్దాం. ఇద్దరు అక్కచెల్లెళ్లు అనుకోండి. ఇద్దరికీ 2015లో ఆయాసం మొదలైంది, ఇద్దరూ 2022లో చనిపోయారు. అక్క పెద్ద ఆసుపత్రి ఉన్న చోట ఉంటుంది, ఆమెకు 2016లో జబ్బు తేలింది. చెల్లెలికి 2020లో తేలింది. తేలిన రోజు నుంచి లెక్కపెడితే అక్క 6 ఏళ్లు బతికింది, చెల్లెలు 2 ఏళ్లు. అక్క ఉన్నచోట వైద్యం మూడు రెట్లు మెరుగని పట్టికలో తేలుతుంది. నిజానికి ఇద్దరూ బతికింది ఒకే ఏడేళ్లు. వైద్య గణాంకాలు చూసేవాళ్లు దీన్ని లీడ్ టైమ్ బయాస్ అంటారు.

కథను కొంచెం మార్చుదాం. చెల్లెలు 2019లోనే, జబ్బు తేలకుండానే కన్నుమూసిందనుకోండి. ఇప్పుడు ఆమె ఏ రిజిస్ట్రీలోనూ లేదు. ఆమె ఊళ్లో జబ్బు తేలేదాకా బతికున్న గట్టివాళ్లే పట్టికకెక్కుతారు. అక్కడి రోగులు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకే ఆలస్యం, మొదటి కథలో పేద ప్రాంతాన్ని ఉన్నదానికంటే అధ్వానంగా చూపించింది, రెండో కథలో మెరుగ్గా. ఒక ప్రాంతంలో మరణాలు ఎక్కువ, మరో ప్రాంతంలో తక్కువ అన్న వార్త చదివినప్పుడు నేను ముందు వెతికేది లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టారన్న సంగతి. చాలా వార్తల్లో అది ఉండదు.

జాతి గడిలో టిక్కు పెట్టాక

అన్నిటికంటే ముదిరిన వాదం ఇదే. అమెరికాలో 2001 నుంచి 2010 దాకా మరణ ధ్రువీకరణ పత్రాలు పరిశీలిస్తే, ఊపిరితిత్తుల బీపీతో ముడిపడిన మరణాల రేటు ఆడవాళ్లలో, నల్లజాతివారిలో ఎక్కువగా కనిపించింది. ఎందుకు అన్న దగ్గర పరిశోధకులు చీలిపోతారు.

జన్యువులూ, శరీర తత్వమూ కొంత కారణమనేది ఒక వర్గం మాట. సికిల్ సెల్ జబ్బు ఆఫ్రికా మూలాలున్నవారిలో ఎక్కువ. అది ఊపిరితిత్తుల బీపీకి ఒక కారణం. స్క్లెరోడెర్మా నల్లజాతి మహిళల్లో చిన్న వయసులో, తీవ్రంగా వస్తుంది. జాతి పేరెత్తకపోతే ఇవన్నీ మరుగున పడిపోతాయని వీరి భయం. అందులో అర్థం ఉంది.

జాతి అన్నది రక్తంలో ఉండేది కాదు, దరఖాస్తులో ఉండే గడి అనేది ఇంకో వర్గం మాట. ఆ గడి వెనక ఆదాయం, ఇన్సూరెన్స్, నివసించే చోట, పీల్చే గాలి దాక్కుని ఉంటాయి. ఇన్సూరెన్స్ రకాన్ని లెక్కలోకి తీసుకోగానే జాతుల మధ్య తేడా పలచబడిన అధ్యయనాలు వీరి చేతిలో ఉన్నాయి. 2013లో ప్రచురితమైన చైనా అధ్యయనం వీరి వాదనకు ఇంకా బలం. అమెరికా తరహా జాతి విభజన లేని చోట, చదువు, ఆదాయం తక్కువ ఉన్న పీఏహెచ్ రోగులకు మరణ ముప్పు ఎక్కువగా తేలింది. జబ్బు తీవ్రతను, చికిత్సను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది.

అయితే ఆదాయమే సర్వస్వం అనుకున్నా లెక్క కుదరదు. 2020లో వచ్చిన అమెరికా విశ్లేషణలో హిస్పానిక్ రోగులు శ్వేతజాతివారికంటే ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. సగటు ఆదాయం చూస్తే ఉల్టా రావాలి. శరీర కారణమా, కుటుంబాల అండా, లేక మన అక్కచెల్లెళ్ల కథలోలా జబ్బు తేలేదాకా బతికినవాళ్లే లెక్కకెక్కారా? మూడింటికీ వాదించేవాళ్లున్నారు.

మరణ పత్రాల మీద నాకున్న అనుమానం వేరే. అందులో జబ్బు పేరు ఉంటుంది గానీ గ్రూపు ఉండదు. అమెరికా నల్లజాతివారిలో మామూలు బీపీ, కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం ఎక్కువ. ఇవన్నీ రెండో గ్రూపుకు దారితీసేవే. కాబట్టి ఆ మరణాల్లో ఎన్ని పీఏహెచ్‌వి, ఎన్ని అదుపులో లేని మామూలు బీపీవి అన్నది ఆ కాగితం చెప్పలేదు. ఒకటి స్పెషలిస్టు దగ్గర తేలే సమస్య, మరొకటి వీధి చివరి క్లినిక్‌లో.

కొలిచే పరికరాల మాట కూడా చెప్పుకోవాలి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ చర్మం గుండా వెలుతురు పంపి ఆక్సిజన్ లెక్కగడుతుంది. 2020లో ప్రచురితమైన అధ్యయనంలో, పరికరం 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు ధమని రక్తం తీసి పరీక్షించారు. తెల్లజాతివారి రీడింగుల్లో 3.6% సందర్భాల్లో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువగా ఉంది. నల్లజాతివారి రీడింగుల్లో అది 11.7%. ఆయాసంతో వచ్చిన మనిషికి వేలి మీద 94 కనిపిస్తే ఇంటికి పంపించేస్తారు. ఊపిరి ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్షలో మరీ విడ్డూరం. నల్లజాతివారి ఊపిరితిత్తుల సామర్థ్యం సహజంగానే తక్కువన్న ఊహతో చాలాకాలం ఫార్ములాలోనే కోత ఉండేది. అంటే ఒకే అంకె వచ్చినా ఒకరికి జబ్బు, ఇంకొకరికి నార్మల్. జాతితో సంబంధం లేని ఫార్ములా వాడమని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023లో చెప్పింది. దీనివల్ల ఆరోగ్యవంతులకు జబ్బు ముద్ర పడుతుందని, ఉద్యోగాలకూ ఆపరేషన్లకూ అనర్హులవుతారని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. ఆ అభ్యంతరాన్నీ కొట్టిపారేయలేం. గీత ఎటు జరిపినా ఎవరో ఒకరు తప్పు వైపు పడతారు.

మందు ఉంది, దాన్ని నడిపే ఇల్లు కావాలి

1995కు ముందు పీఏహెచ్‌కు ప్రత్యేకమైన మందు లేదు. ఆ ఏడాది అమెరికాలో అనుమతి వచ్చిన ఎపోప్రోస్టెనాల్ మొదటిది. దాని అనుమతికి ఆధారమైన 12 వారాల పరీక్షలో 81 మంది పాల్గొన్నారు. 8 మంది చనిపోయారు. ఎనిమిది మందీ ఈ మందు తీసుకోనివాళ్లే.

కానీ ఆ మందును ఇంట్లో నడపడం ఎలా ఉంటుందో చూడాలి. రక్తంలోకి వెళ్లిన ఆరు నిమిషాల్లోపే అది సగానికి తగ్గిపోతుంది. అందుకే ఛాతీలోంచి పెద్ద సిరలోకి శాశ్వతంగా గొట్టం వేసి, నడుముకు తగిలించుకున్న చిన్న పంపు ద్వారా రాత్రింబవళ్లు ఎక్కిస్తూనే ఉండాలి. మొదట వచ్చిన రూపంలో దాన్ని రోజూ పొడి నుంచి కలుపుకోవాలి, ఐస్ ప్యాకుల మధ్య చల్లగా ఉంచాలి. చేతులు శుభ్రంగా లేకపోతే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి పోతాయి. పంపు ఆగితే, గొట్టం ఊడితే నిమిషాల మీద మనిషి కుప్పకూలవచ్చు. అంటే ఈ మందు పనిచేయాలంటే ఫ్రిజ్, నమ్మకమైన కరెంటు, శుభ్రమైన నీళ్లు, కలపడం నేర్చుకున్న ఇంకో మనిషి, అర్ధరాత్రి ఫోనెత్తే నర్సు కావాలి. మందు ధర చెల్లించేవాళ్లు దొరికినా ఇవన్నీ దొరక్కపోతే డాక్టరే రాయడానికి జంకుతారు. ఫైలులో మాత్రం రోగికి ఇష్టం లేదనే ఉండవచ్చు.

తర్వాత మాత్రలు వచ్చాయి. 2001లో బోసెంటాన్, 2005లో సిల్డెనాఫిల్. రెండోది వయాగ్రాలో ఉన్న మందే. పేటెంటు ముగిశాక జనరిక్‌లు వచ్చి చవకైంది. చాలా దేశాల్లో పీఏహెచ్ రోగికి దొరికే మందు ఇదొక్కటే. సంపన్న దేశాల్లో ఎక్కువమందికి మొదటి రోజు నుంచే రెండు మందులు కలిపి ఇస్తారు. 2015లో వచ్చిన ఆంబిషన్ అనే పరీక్షలో, ఒక్క మందుతో పోలిస్తే రెండు కలిపి ఇచ్చినప్పుడు చికిత్స విఫలమయ్యే ముప్పు సగానికి తగ్గింది. 2024 మార్చిలో సొటాటెర్సెప్ట్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. మూడు వారాలకోసారి చర్మం కింద తీసుకోవాలి. అనుమతి వచ్చినప్పుడు అక్కడి జాబితా ధర ఒక్కో సీసాకు 14,000 డాలర్లు. దాని ప్రధాన పరీక్షలో పాల్గొన్న 323 మందిలో దాదాపు పదింట తొమ్మిది మంది తెల్లజాతివారు. మిగతావాళ్లలో మందు పనిచేయదని దీని అర్థం కాదు. ఎంత పనిచేస్తుంది, ఏ దుష్ప్రభావం ఎవరిలో ఎక్కువ అన్నదానికి ఆధారం పలచగా ఉందని మాత్రమే.

పూర్తిగా నయమయ్యే రకం కూడా ఒకటుంది

నాలుగో గ్రూపు ఆశ కలిగించేది. కాళ్లలోంచో మరెక్కడి నుంచో వచ్చిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే చాలామందిలో మందులతో కరిగిపోతుంది. కొద్దిమందిలో, సుమారు 3% మందిలో, కరగకుండా మచ్చగా మారి నాళం గోడకు అతుక్కుపోతుంది. వీక్యూ స్కాన్ అనే పరీక్షలో ఊపిరితిత్తుల్లోకి గాలి ఎక్కడెక్కడికి వెళ్తోందో, రక్తం ఎక్కడెక్కడికి వెళ్తోందో పక్కపక్కన చూస్తారు. గాలి వెళ్తూ రక్తం వెళ్లని ముక్కలు కనబడితే అనుమానించాలి. స్కాన్ నార్మల్‌గా ఉంటే ఈ రకం దాదాపు లేనట్టే. అంత తేలికైన పరీక్ష అయినా, గతంలో గడ్డ వచ్చినట్టు తెలియనివాళ్లకు దీన్ని రాయాలన్న ఆలోచనే తట్టదు. రోగుల్లో నాలుగో వంతు మందికి అలాంటి చరిత్రే ఉండదు.

తేలితే ఆపరేషన్ ఉంది. ఒంటిని 18 నుంచి 20 డిగ్రీల దాకా చల్లబరిచి, రక్త ప్రసరణను 20 నిమిషాల చొప్పున పూర్తిగా ఆపేసి, నాళం లోపలి పొరతో సహా ఆ మచ్చను కొమ్మలు కొమ్మలుగా ఒలిచి తీస్తారు. ఈ పద్ధతికి దారి చూపింది అమెరికాలోని శాన్ డియాగో కేంద్రం. చేయి తిరిగిన చోట ఆపరేషన్‌లో చనిపోయేవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే.

2007 నుంచి 2009 దాకా యూరప్, కెనడాల్లో ఈ రకం రోగులు 679 మందితో ఒక రిజిస్ట్రీ నడిచింది. అందులో సుమారు 63% మంది ఆపరేషన్‌కు పనికొస్తారని వైద్యులు తేల్చారు. ఇది సగటు. దేశాల వారీగా విడదీస్తే, ఆపరేషన్ కుదరదని తేల్చినవాళ్ల వాటా ఒక దేశంలో 12% ఉంటే మరో దేశంలో 60% దాకా ఉంది. సరిహద్దు దాటగానే గడ్డల తీరు అంతగా మారిపోదు. మారేది స్కాన్ చూసి ఈ మచ్చ దాకా నా చెయ్యి వెళ్తుందా అని ఆలోచించే సర్జన్. ఇలాంటి ఆపరేషన్లు వందలు చేసినవారికి అందే కొమ్మ, ఏడాదికి నాలుగైదు చేసేవారికి అందదు. రోగి చేతికొచ్చే కాగితం మీద మాత్రం ఏ సర్జన్ చెయ్యి ఎందాకా వెళ్తుందన్న ప్రస్తావన ఉండదు. ఆపరేషన్‌కు వీలుకాని జబ్బు అని ఉంటుంది.